తలుపు చందా కట్టని మా అన్న

మా అన్న ఆశీర్వాదం మాస్టారు పోయిన నెలలో ఒక శుక్రవారం ఉదయం నరసరావుపేటలోని అద్దె ఇంట్లో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్నుమూశాడు. ఇంటి ఓనరు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మా ఊరి చర్చిలో స్త్రీల సమాజం ప్రార్థనకు చాపలు పరుస్తున్నాను. చేతిలో చాప చేతిలోనే ఉండిపోయింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నలభై ఏళ్లుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న తగాదాలో ఆఖరి మాట ఆయనదే అయిపోయింది. నా జవాబు వినడానికి ఇక మనిషి లేడు.

ఆయన శిష్యులు సంస్మరణ సంచిక వేస్తూ, చెల్లెలినని నన్ను కూడా నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు నా దగ్గర లేవని చెప్పాను. ఉన్నవే రాయమన్నారు. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞను చిన్ననాడే కంఠస్థం చేసినదాన్ని. చనిపోయినవారి విషయంలో ఆ ఆజ్ఞకు సడలింపు ఉందని నాకు ఎవరూ నేర్పలేదు. కాబట్టి ఆయన దేవుణ్ణి ఒప్పుకోకుండానే పోయాడని ముందే చెబుతున్నాను. ఆయన్ని పుణ్యాత్ముడు అంటున్నవాళ్లు ఆయన్ని ఎరగరు.

తెలియనివారి కోసం మా సంఘం సంగతి చెప్పాలి. మాది దాచేపల్లి దగ్గర సున్నపురాయి గనుల ఊరు. మా సంఘస్థులంతా ఒకప్పుడు రాయి కొట్టి బతికినవాళ్లే. ఇప్పుడు కొందరికి లారీలున్నాయి, కొందరికి ఉద్యోగాలున్నాయి, ఎక్కువమందికి మిరపకోతలే ఆధారం. సంఘంలో ఏ పని తలపెట్టినా ఖర్చును తలుపుల లెక్కన సమానంగా వేస్తాం. వీధివైపు తెరుచుకునే తలుపు ఒక్కటైతే ఒక చందా, రెండైతే రెండు. తాళం వేసిన తలుపుకూ పడుతుంది. చందా బాకీ ఉండగా చనిపోయినవారికి సమాధుల తోటలో చోటు ఉండదు. ఇది మా పెద్దలు పెట్టిన నియమం. ఇరవై రెండేళ్లుగా నేను కోశాధికారిని, చందాల పుస్తకం నా చేతిలో ఉంది. మా అన్న జీవితమంతా ఈ నియమంతో యుద్ధం చేశాడు. ఊళ్లో మా అమ్మానాన్నల ఇల్లు ఆయన పేరునే ఉంది. ఆ తలుపుకు ఒక్క రూపాయి కట్టలేదు. అందుకే ఆయన పోయాడనగానే ఊరంతా అడిగిన ప్రశ్న ఒక్కటే. మాస్టారిని ఎక్కడ పెడతారు?

ఆయన సంఘాన్ని వదిలింది పందొమ్మిదో ఏట. కోత పండుగ రోజు విశ్వాసులు తెచ్చిన కానుకలను మా చర్చిలో వేలం వేస్తారు. ఆ ఏడు అమ్మ తన పెట్టను తెచ్చింది. గుడ్లు పెట్టేది ఇంట్లో అదొక్కటే. ఊళ్లో మొదటి లారీ కొన్నాయన దాన్ని పాడుకున్నాడు. పాస్టరు అయ్యగారు పాడుకున్నవారి పేరు చదివి చప్పట్లు కొట్టించారు. ఇచ్చినవాళ్ల పేరు చదివే ఆనవాయితీ లేదు. మా అన్న లేచి, కోడిని కొన్నాయనకు ఇంట్లో ఇంకెన్ని కోళ్లున్నాయో, మా అమ్మకు ఇంకెన్ని మిగిలాయో కూడా చదవమని అయ్యగారిని అడిగాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె దేవునికి రహస్యంగా ఇచ్చినదాన్ని కొడుకు నలుగురిలో తూకం వేశాడు. ఆ పూట బయటికి నడిచినవాడు మళ్లీ ఆరాధనలో కూర్చోలేదు. అది గర్వమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

తర్వాత ఎకనామిక్స్ లెక్చరరు అయ్యాడు. ప్రతి సంవత్సరం మొదటి క్లాసుకు గోనెసంచి నిండా వేయించిన వేరుశనక్కాయలు తీసుకెళ్లేవాడు. పదిమందిని గ్రౌండులో వరుసగా నిలబెట్టి, వాళ్ల ఇళ్ల సంపాదన అడిగి, అదే పాళ్లలో కాయలు పంచేవాడు. ఒక ఏడు ఒక చివర ఉన్నవాడికి చేతులు చాలక చొక్కా చాపితే, ఈ చివర ఉన్న పిల్లకు రెండు కాయలు దక్కాయి. ఆ పిల్ల వెల్దుర్తి వైపునుంచి వచ్చింది, తండ్రి మేకలు కాస్తాడు. వారం రోజులు కాలేజీకి రాలేదు. ఆ సంగతి నాకు తెలిసినప్పుడు, పిల్లను అందరి ముందు సిగ్గుపరచడానికి నీకు సర్కారు జీతమిస్తోందా అని ఆయన్ని కడిగేశాను. ఆయన నిదానంగా చెప్పాడు. "ఆ పిల్ల ఏడ్చిందని కాదే నాకు బాధ. చొక్కా నిండా పోసుకున్నోడు నవ్వాడు. దానికి భయమేసింది నాకు." ఆ పిల్లే ఇప్పుడు ఈ సంచికకు సంపాదకురాలు. ఆమె క్షమించిందట. నేను క్షమించలేదు.

మా ఇంటికి వస్తే కుదురుగా కూర్చునేవాడు కాదు. సబ్బు కవరు, అగ్గిపెట్టె, నూనె ప్యాకెట్టు, ఏది కనపడితే అది తిప్పి చదివి అందులో పన్నెంతో చెప్పేవాడు. మా వీధి చివర సంతోషమ్మత్త ఉండేది. భర్త పోయిన మనిషి, మిరపకాయలు కోసి బతికేది. ఒకరోజు ఆమె మజ్జిగ కోసం వస్తే, అత్తా నువ్వు సర్కారుకు పన్ను కడుతున్నావా అని అడిగాడు. నేనేమన్నా ఆఫీసరునా నాయనా అని ఆమె నవ్వింది. సబ్బు కొన్నప్పుడల్లా కడుతున్నావనీ, ఒక్కో సబ్బుకు లారీల ప్రకాశరావు ఎంత కడతాడో నువ్వూ అంతే కడతావనీ, ఆయన సంపాదనలో అది గింజంత అయితే నీ దాంట్లో గుప్పెడనీ వివరించాడు. సంతోషమ్మత్త అంతా విని, "అట్టయితే ఆయనే ఎక్కువ కడతన్నాడు లేరా. నాకంటే ఆయనకి మురికెక్కువ, సబ్బులు చానా పడతయ్" అంది. మా అన్న కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఒకరి చేతిలో ఓడి ఆయన సంతోషపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈ ప్రకాశరావు మా సంఘ పెద్ద. సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే లారీలు ఆయనవి. వరసకు మాకు బావ. నాలుగేళ్ల కింద చర్చికి గంట గోపురం కట్టాలని ఆయనే ప్రతిపాదించాడు. తలుపుకు ఆరు వేలని లెక్క తేలింది. ప్రకాశరావూ, ఆయన ఇద్దరు తమ్ముళ్లూ ఒకే ప్రహరీలో, ఒకే గేటు వెనక ఉంటారు. కాబట్టి మూడు కుటుంబాలకూ కలిపి ఒక్క చందా. సంతోషమ్మత్త కొడుకు, కోడలితో పడటంలేదని తల్లికి వసారాలో అడ్డగోడ పెట్టి వేరే తలుపు తీశాడు. కాబట్టి ఆ ఇంటికి రెండు చందాలు. ఇందులో నాకు ఆనాడు తప్పేమీ కనపడలేదు. తలుపులు లెక్కపెట్టాను, రాసుకున్నాను.

ఆ నెలలో మా అన్న ఊళ్లోకి దిగి ఇల్లిల్లూ తిరిగాడు. మీ సంపాదన ఎంత అని ఎవర్నీ అడగలేదు. ఈ ఆరు వేలు రావాలంటే మీ ఇంట్లో ఎన్ని రోజులు పనిచెయ్యాలి అని మాత్రం అడిగాడు. ఆయన నోటుబుక్కులో రూపాయలు లేవు, రోజులే ఉన్నాయి. సంతోషమ్మత్తది ఇరవై రోజులు. స్కూలు టీచరుది నాలుగు. ప్రకాశరావు చెప్పనన్నాడు గానీ, ఆయన డ్రైవరు మాత్రం సారుకు టిఫిను అయ్యేలోపు వచ్చేస్తాయని చెప్పి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. జనాన్ని లెక్కపెట్టించిన రాజు రాజ్యం మీదికి తెగులు తెచ్చుకున్న సంగతి లేఖనంలో చదివిన కుటుంబం మాది. ఒక్క శరీరంగా ఉన్న సహోదరుల మధ్య గీత గీస్తున్నావని వీధిలోనే నిలదీశాను. "గీత నేను గియ్యలా. ఉన్న గీత మీద సున్నం పోశా, కనపడాలని" అన్నాడు.

సంఘ కూటానికి వచ్చాడు. సభ్యుడు కాదు గనుక గుమ్మం బయటే నిలబడ్డాడు. అన్ని ఇళ్లకూ ఒకటే మొత్తం అంటే అంతకు మించిన న్యాయం ఏముందని ప్రకాశరావు అడిగాడు. ఆయన తరఫున నేను లేచాను. లేఖనంలో దేవుని గుడారపు సేవకోసం ధనికుడూ దరిద్రుడూ ఒకే కొలత వెండి ఇచ్చిన సందర్భాన్ని చెప్పి, దేవుడే సమానంగా అడిగినప్పుడు కాదనడానికి మనమెవరం అన్నాను. ఆమెన్ అన్నారు అందరూ. మా అన్న గుమ్మం బయటినుంచే నాకు బదులిచ్చాడు. అది మనిషికి ఇంత అని పెట్టిన కొలతనీ, తలుపుకు కాదనీ, ప్రకాశరావు గేటు వెనక పద్నాలుగు మంది ఉన్నారనీ అన్నాడు. బలికి గొర్రెపిల్లను తెచ్చే గతిలేనివాడు పావురాల్ని తెస్తే చాలన్న మాట కూడా ఆ లేఖనాల్లోనే ఉందన్నాడు. చివరికి, "నువ్వు చదివిన పుస్తకమే నేనూ చదివానే కృపా. నీకు కావాల్సిన కాడ నువ్వు ఆగావు, నేను ముందుకుపోయా" అన్నాడు. ఇరవై ఏళ్లు స్త్రీల సమాజంలో వాక్యం చెప్పినదాన్ని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆయన కోరింది చిన్నది. ప్రతి ఇల్లూ తన రెండు రోజుల సంపాదన ఇవ్వాలి. అత్త రెండు రోజులు, టీచరు రెండు రోజులు, లారీల ఇల్లు రెండు రోజులు. గోపురం లేవడమే కాదు, ఇంకా మిగులుతుందన్నాడు. ప్రకాశరావు లేచి, "నా రోజు సంపాదన ఈ పుస్తకంలో రాసి మీ అందరికీ చదివి వినిపించాలా? ఇన్‌కంటాక్సోళ్లు చాలరా నాకు?" అనేసరికి కూటమంతా నవ్వింది. తర్వాత చేతులెత్తమన్నారు. సమానంగా ఆరు వేలకే చేతులు లేచాయి. కూలి ఇళ్లవాళ్లు అందరికంటే ముందు ఎత్తారు. సంతోషమ్మత్త రెండు చేతులూ ఎత్తింది. ఆమెను బయట ఆపి మా అన్న కారణం అడిగాడు. "తక్కువ కడితే తక్కువోళ్లం అయిపోతాం గదరా. దేవుడి కాడన్నా సమానంగా ఉండనీయ్" అంది ఆమె. ఆయన నోటుబుక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేరుశనక్కాయలు పంచినంత సులువుగా మనుషులు తేలరని ఆయనకు ఆరోజు తెలిసిందనుకుంటాను. తెలిసినా మారలేదు.

మరుసటి ఎండాకాలంలో సంతోషమ్మత్త మిరపతోటలో వడదెబ్బకు పోయింది. రెండు వేలు కట్టింది, నాలుగు వేలు బాకీ. కొడుకు దగ్గర లేవు. నేను మా అన్నకు ఫోన్ చేశాను. ఎన్నడూ ఆయన్ని ఏమీ అడగనిదాన్ని, ఆరోజు బతిమాలాను. నీకు పెన్షన్ వస్తోంది, ఈ నాలుగు వేలు కట్టు, ముసలామెను సమాధుల తోటలో పెట్టుకుంటాం అన్నాను.

"కట్టను" అన్నాడు. "కడితే ఆమె బాకీ పడిందని ఒప్పుకున్నట్టు. ఆమె బాకీ లేదు. మీరే ఆమెకి బాకీ."

"శవం ఎండలో ఉంది అన్నాయ్. దాన్ని అడ్డం పెట్టుకుని వాదిస్తావేంది?"

"పుస్తకం నీ చేతిలోనే ఉందిగా. కొట్టెయ్."

కొట్టెయ్యలేదు. నా సొంత డబ్బు ఎందుకు వెయ్యలేదని అడుగుతారు. కోశాధికారి ఎవరి బాకీ తన చేతినుంచి తీర్చకూడదని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను, పక్షపాతం చూపిందన్న మాట రాకూడదని. పద్ధతి మంచిదే. అయినా ఆరోజు దాని వెనక దాక్కున్నాననే అనుకుంటున్నాను. సంతోషమ్మత్తను తోట గోడ బయట, క్వారీ దారి అంచున పాతిపెట్టారు. లారీ పోయినప్పుడల్లా తెల్లటి దుమ్ము ఆ మట్టి మీద పడుతుంది. మా అన్న వచ్చి, ప్రార్థన అయ్యేదాకా తల వంచకుండా నిలబడి, నాతో మాట్లాడకుండా బస్సెక్కాడు. తన సిద్ధాంతం గెలవడానికి ఒక బీదరాలి సమాధిని పణంగా పెట్టిన మనిషి అని నేను ఆయన్ని అన్నాను. ఎదురుగా అన్నాను, ఫోన్లో అన్నాను, ఇక్కడ రాస్తున్నాను. ఆ తర్వాత ఆయన పోయేదాకా మూడేళ్లు మేం మాట్లాడుకున్నదంతా పోట్లాటే.

ఆయన పోయిన శుక్రవారమే, పదకొండు గంటలకు ప్రకాశరావు ఫోన్ వచ్చింది. ఓదార్పుకు కాదు. మాస్టారి శిష్యుల్లో పెద్ద పెద్ద ఆఫీసర్లు ఉన్నారట, కార్లు వస్తాయట, తోటలో మొదటి వరసలో పెడదామట. బాకీ సంగతి తాను చూసుకుంటాడట. నాకు చెప్పేలోపే జేసీబీతో గుంత కూడా తీయించాడు. అది సరిగ్గా మా అమ్మానాన్నల సమాధుల పక్కన. ఆ గుంత చూడగానే మెత్తబడ్డాను. అన్న అమ్మ పక్కన ఉంటే నాకేం నష్టం? ఒక్క గీత కొట్టేస్తే అయిపోతుంది. పుస్తకం తెరిచాను. అదే పేజీలో, నా చేతిరాతలోనే, సంతోషమ్మ అని ఉంది.

సాయంత్రం వ్యాను వచ్చేసరికి నేను పుస్తకంతో తోట గేటు దగ్గర నిలబడ్డాను. బాకీ ఉన్నవారికి లోపల చోటు లేదని చెప్పాను. శిష్యులు నన్ను రాక్షసిని చూసినట్టు చూశారు.

"సొంత అన్నకి అడ్డం పడతావా కృపమ్మా?" అన్నాడు ప్రకాశరావు. "మొత్తం నేను కడతానంటన్నా గదా."

"సంతోషమ్మత్తకి కట్టావా బావా?"

"ఆ ముసలామె సంగతి ఇప్పుడెందుకు?"

"ఇప్పుడే. తలుపు లెక్క తీసేసి రోజుల లెక్క పెడతానని అయ్యగారి ముందు చెప్పు. నీ రెండు రోజులు ఎంతో చెప్పు. ఇద్దర్నీ లోపలికి తెచ్చుకుందాం. లేదంటే ఇద్దరూ బయటే."

ఆయన చుట్టూ ఉన్న కార్లను చూశాడు, ఆఫీసర్లను చూశాడు. తర్వాత నాకు మాత్రమే వినపడేటట్టు, "శవాన్ని పెట్టుకుని బేరమాడతన్నావేందే, నీకు దేవుడి భయం లేదా?" అన్నాడు.

మా అన్నను నేను అన్న మాటే అది. అబద్ధం కాదు. అయినా గేటు వదల్లేదు. అయ్యగారు కంటతడితో నిలబడ్డారు గానీ ఏ పక్షమూ పట్టలేదు. ప్రకాశరావు ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఒక అంకె చెప్పడంకన్నా, తాను తవ్వించిన గుంత ఖాళీగా పడి ఉండటమే ఆయనకు తేలికయింది. గోడ బయట, సంతోషమ్మత్త పక్కన, కోతలనుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు గడ్డపారలు తెప్పించి తవ్వారు. అక్కడ నేల కింద రాయి ఉంది, లోతు రావడానికి చాలాసేపు పట్టింది. దేవుణ్ణి ఒప్పుకోని మనిషికి నేను ప్రార్థన చెయ్యలేదు. కూలి జనం పాడితే అడ్డుకోలేదు.

ఆయన ఆత్మ ఎక్కడుందో నాకు తెలియదు. తీర్పు నా చేతిలో లేదు, ఉన్నది పుస్తకం ఒక్కటే. వచ్చే కూటంలో రెండు రోజుల లెక్కను నేనే ప్రతిపాదిస్తున్నాను. ఇది ఆయన్ని క్షమించి చేస్తున్నది కాదు. ఆయన మాట సరైనదని తెలిసి చేస్తున్నది. ఆ రెంటికీ తేడా ఉంది. కూటం ఒప్పుకుంటుందో లేదో తెలియదు గానీ, ఇప్పటికే కొన్ని ఇళ్లవాళ్లు వచ్చి రాయించుకున్నారు. అయ్యగారు తన జీతం చెప్పారు. టీచరు తలుపు మూసి చెప్పింది. ప్రకాశరావు ఇంకా రాలేదు.

మొన్న ఒక కౌలు రైతు వచ్చాడు. ఎనిమిది ఎకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు, ధర పడిపోయి పెట్టుబడి కూడా రాలేదు. పైగా అప్పు. అయినా పొలంలో అతని దగ్గర ముప్పైమంది కూలి చేస్తారు, ఊళ్లో అతన్ని రైతు అనే పిలుస్తారు. చెప్పులు బయట విడిచి వచ్చి, గడప దగ్గరే కూర్చుని, "అమ్మా, సంవత్సరమంతా పనిచేశా, చివరికి చేతికి రాకపోగా ఎదురు అప్పు పడింది. నా రెండు రోజులు ఎంతని రాసుకుంటావు?" అని అడిగాడు. సున్నా అని రాస్తే అతని తల వంగిపోతుంది. వెయ్యి అని రాస్తే అబద్ధం. మా అన్నను అడిగితే, ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందా అని ముందు నన్ను తిట్టి, ఆ తర్వాత చెప్పేవాడు. దానికి తప్పకుండా ఆయన దగ్గర ఒక జవాబు ఉండి ఉంటుంది. నా దగ్గర లేదు. మళ్లీ రమ్మని ఆ రైతును పంపేశాను.